సర్పి టీకా వేస్తే మతిమరుపు తగ్గుతుందా? వేల్స్ అధ్యయనం మీద చర్చ

కృష్ణాతీరం

సభ్యులందరికీ నమస్కారం. బ్రిటన్‌లోని వేల్స్‌లో సర్పి (ఇంగ్లీషులో షింగిల్స్) టీకా వేయించుకున్న పెద్దవారికి మతిమరుపు జబ్బు తక్కువగా వచ్చిందని ఆ మధ్య పేపర్లో చదివాను. వార్త బెత్తెడు కూడా లేదు. అందులోనూ సగం "శాస్త్రవేత్తలు అంటున్నారు" అనే మాటలే. వాళ్లు అసలు ఏం చేశారో, ఎవరిని ఎవరితో పోల్చారో ఒక్క ముక్క లేదు.

అడగడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా అమ్మకు డెబ్బై దాటాయి. నడుముకు కుడివైపున సర్పి వచ్చింది. పొక్కులు మాడి, చెక్కులు రాలిపోయి ఏడాది దాటినా మంట మాత్రం వదలలేదు. ఫ్యాను గాలికి చీర చెంగు ఆ చోట తగిలితే చాలు, ఉలిక్కిపడుతుంది. విచిత్రం ఏమిటంటే, అరచేత్తో గట్టిగా అదిమితే ఫరవాలేదంటుంది. తేలికగా తాకితేనే భరించలేదు. మా అమ్మమ్మ ఆఖరి రోజుల్లో ఎవరినీ గుర్తుపట్టలేదు కాబట్టి మతిమరుపు మాట ఎత్తితేనే అమ్మకు దడ.

ఒకసారి సర్పి వచ్చినవారు కూడా ఆ టీకా వేయించుకోవచ్చా? మతిమరుపు సంగతిలో నిజమెంత? తెలిసినవారు వివరంగా రాయండి.

అనుమానాల_పుట్ట

అమ్మగారి బాధ చదివి మనసు చివుక్కుమంది. ఇక వార్త సంగతి. ఇలాంటివి ఏటా వస్తూనే ఉంటాయి. కాఫీ తాగితే మతి నిలుస్తుందని ఒకరు, పదవినోదం పూరిస్తే నిలుస్తుందని ఇంకొకరు. ఇప్పుడు టీకా వంతు.

ఒక్కసారి ఆలోచించండి. టీకా కోసం ఇల్లు కదిలి వెళ్లే పెద్దాయన ఎవరు? ఒంటి మీద శ్రద్ధ ఉన్నవాడు, బీపీ మాత్ర మరవనివాడు, వెంట వెళ్లడానికి కొడుకో కోడలో ఉన్నవాడు. మతి తప్పడం మొదలైన మనిషికి టీకా ధ్యాసే ఉండదు. అలాంటప్పుడు టీకా వేయించుకున్నవారిలో మతిమరుపు తక్కువ కనబడక ఏమవుతుంది? ఆ తేడా టీకా వల్ల వచ్చిందని ఎలా అంటారు?

లెక్కల_పంతులు

పుట్ట గారి ఆక్షేపణ గట్టిది. టీకాల మీద వచ్చే చాలా అధ్యయనాలు ఆ ఒక్క ప్రశ్న దగ్గరే చతికిలపడతాయి. వేల్స్ అధ్యయనానికి ఇంత పేరు రావడానికి కారణం, అది ఆ ప్రశ్నకు ముందే జవాబు పెట్టుకుని మొదలైంది.

2013 సెప్టెంబరు 1న వేల్స్ ప్రభుత్వం పెద్దవారికి సర్పి టీకా ఇవ్వడం మొదలుపెట్టింది. టీకా సరిపడా లేదు కాబట్టి పుట్టినరోజును బట్టి ఒక గీత గీశారు. 1933 సెప్టెంబరు 2న గానీ, ఆ తరువాత గానీ పుట్టినవారికి అర్హత ఉంది. అంతకు ముందు పుట్టినవారికి, అంటే అప్పటికే ఎనభై నిండినవారికి, ఇక ఎప్పటికీ లేదు. అధికారుల కలం పోటు అంతే. ఆగస్టు చివర్లో పుట్టిన ముసలాయనకూ, సెప్టెంబరు మొదట్లో పుట్టిన ముసలాయనకూ వేరే తేడా ఏముంటుంది? అవే బడులు, అదే యుద్ధకాలపు రేషను తిండి, అవే బొగ్గు గనుల ఊళ్లు. కానీ గీతకు వారం ముందు పుట్టినవారిలో టీకా పొందినవారు 0.01 శాతం, వారం తరువాత పుట్టినవారిలో 47.2 శాతం.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాస్కల్ గెల్డ్‌సెట్జర్ బృందం ఈ గీతను పట్టుకుంది. అసలు కీలకం ఇక్కడే ఉంది. వాళ్లు టీకా వేయించుకున్నవారిని వేయించుకోనివారితో పోల్చలేదు. గీతకు ఇవతల పుట్టినవారందరినీ అవతల పుట్టినవారందరితో పోల్చారు. శ్రద్ధ ఉన్నవారూ లేనివారూ రెండు వైపులా సమానంగానే ఉంటారు కదా! 2,80,000 మందికి పైగా పెద్దవారి వైద్య రికార్డులు, ఏడేళ్ల కాలం. రెండు వైపుల మధ్య వచ్చిన తేడా నుంచి టీకా నిజంగా పొందినవారి లెక్క తీస్తే కొత్తగా డిమెన్షియా (మతిమరుపు జబ్బు) నిర్ధారణ అయ్యే అవకాశం 3.5 శాతం పాయింట్లు తగ్గింది. అంటే ఉన్న ముప్పులో ఐదో వంతు. 2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో వచ్చింది. ఆ గీత దగ్గర మిగతా జబ్బులలో గానీ, వేరే టీకాలు వేయించుకోవడంలో గానీ ఇలాంటి తేడా ఉందేమో అని కూడా వెతికారు, కనబడలేదు. ఇన్నేళ్లుగా గణాంకాలు చదువుతున్నాను, ఇంత ముచ్చటైన గీత అరుదుగా దొరుకుతుంది.

కార్డిఫ్_కోడలు

నేనుండేది వేల్స్‌లోని కార్డిఫ్‌లోనే, మా ప్రాంతం పేరు ఇక్కడ చూసి సంతోషం వేసింది. చిన్న వివరం చేర్చనా? 2013లో ఇచ్చింది జోస్టావాక్స్ అనే పాత టీకా. 2023 సెప్టెంబరు నుంచి ఇక్కడ షింగ్రిక్స్ అనే కొత్త టీకా ఇస్తున్నారు. అరవై ఐదు నిండగానే కుటుంబ వైద్యుడి దగ్గర నుంచి కబురు వస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు. మా పొరుగింటి ఆవిడ వేయించుకుని వచ్చి ఒక రోజంతా చెయ్యి ఎత్తలేకపోయింది. మరునాటికి తోటపనిలో ఉంది.

మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉంటారు. ఆవిడ సందర్శకురాలు కాబట్టి ఆ కబురు ఆవిడకు రాదు. అందుకే ఈ చర్చ నాకూ అవసరమే.

అనుమానాల_పుట్ట

పంతులు గారూ, గీత బాగుంది, ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పని సంగతి ఒకటుంది. 3.5 అనే ఆ అంకెకు అటూ ఇటూ ఉన్న హద్దులు 0.6 నుంచి 7.1 వరకు. అంటే అసలు లాభం నామమాత్రం కావచ్చు, చాలా పెద్దదీ కావచ్చు. పేపర్లో "ఐదో వంతు తగ్గుదల" అనే రాశారు, ఈ హద్దులు రాయలేదు.

రెండోది. ఆ పాత టీకా ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. అమెరికాలో 2020 నవంబరులోనే ఆపేశారు. అందులో ఉన్నది బతికున్న, బలహీనపరిచిన వైరస్. కొత్త దానిలో వైరస్ లేదు, దాని ఒంటి మీది ప్రోటీన్ ఒక్కటే. ఒకదాని ఫలితాన్ని ఇంకొకదానికి అంటగట్టడం ఎలా?

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. సర్పి వైరస్ కూడా హెర్పిస్ కుటుంబానిదే. ఆ కుటుంబపు వైరస్‌కూ ఆల్‌జైమర్స్ అనే మతిమరుపు జబ్బుకూ సంబంధం ఉందని మాంచెస్టర్‌లో రూత్ ఇట్‌జాకీ 1990ల నుంచి వాదిస్తున్నారు. పెదవుల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ డీఎన్ఏ ముసలివారి మెదళ్లలో దొరికిందని ఆవిడ బృందం చూపింది. సరే, వైరసే కారణమైతే వైరస్‌ను అణిచే మందు ఇస్తే జబ్బు నెమ్మదించాలి కదా. అమెరికాలో 120 మంది తొలిదశ రోగులకు చీటీ వేసినట్టు పంచి, కొందరికి వాలాసైక్లోవిర్, మిగతావారికి ఉత్త మాత్రలు 78 వారాలు ఇచ్చారు. 2025లో ఫలితం వచ్చింది. మందు తిన్నవారికి లాభం లేదు సరికదా, జ్ఞాపకశక్తి పరీక్షలో ఇంకాస్త వెనకబడ్డారు. దీని గురించి ఏ పేపరూ రాసినట్టు లేదు.

లెక్కల_పంతులు

హద్దుల మాట వాస్తవం. అందుకే ఒక్క వేల్స్‌తో ఆగలేదు. ఆస్ట్రేలియాలో 1936 నవంబరు 2 అనే ఇంకో గీత ఉంది, 2016లో అక్కడ టీకా మొదలైనప్పుడు గీసింది. అక్కడా ఇదే పద్ధతిలో చూస్తే ఏడేళ్ల పైచిలుకు కాలంలో 1.8 శాతం పాయింట్ల తేడా వచ్చింది. దేశం వేరు, రికార్డులు వేరు, దిశ మాత్రం ఒకటే.

కొత్త టీకా గురించి కూడా ఒకటుంది. అమెరికాలో 2017 అక్టోబరు ప్రాంతంలో పాతది పోయి కొత్తది ఒక్కసారిగా వచ్చింది. ఆ మార్పుకు ముందు వేయించుకున్నవారినీ, తరువాత వేయించుకున్నవారినీ ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన మాక్సిమ్ టాకే బృందం పోల్చింది. కొత్త టీకా వారు డిమెన్షియా లేకుండా గడిపిన కాలం 17 శాతం ఎక్కువ. ఇక్కడ ఇరుపక్షాలూ టీకా వేయించుకున్నవారే కాబట్టి మీ "శ్రద్ధ ఉన్నవాడు" వాదానికి చోటు తక్కువ.

వాలాసైక్లోవిర్ ప్రయోగం గురించి వైద్యులు ఎవరైనా చెబితే బాగుంటుంది. నాకు తోచింది ఇది: జబ్బు మొదలైన తరువాత వేరే వైరస్ మీద మందు వాడటం ఒక ప్రశ్న, జబ్బు రాకముందే టీకా వేయడం ఇంకో ప్రశ్న.

నీలిగన్నేరు

నేను చర్మవ్యాధుల వైద్యురాలిని. ప్రభుత్వ ఆస్పత్రి ఓపీలో రోజూ చూసే జబ్బు కాబట్టి మొదటి నుంచి చెబుతాను. మతిమరుపు మాట తరువాత.

ఆటలమ్మ, సర్పి ఒకే వైరస్ పని. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గాక వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నుపాము పక్కన, తలలోనూ నాడీకణాల ముడులు ఉంటాయి; వాటిలో దశాబ్దాలపాటు నిద్రాణంగా ఉంటుంది. వయసు మీదపడి గానీ, క్యాన్సర్ మందుల వల్ల గానీ, కీళ్లవాతానికి వాడే కొన్ని మాత్రల వల్ల గానీ కాపలా సడలినప్పుడు ఒక ముడిలో నిద్రలేచి, ఆ నరం వెంబడి చర్మం దాకా దిగుతుంది.

దీన్ని కనిపెట్టింది ఏ పెద్ద పరిశోధనశాలో కాదు. ఇంగ్లండ్‌లో సైరన్‌సెస్టర్ అనే చిన్న ఊరి వైద్యుడు ఎడ్గర్ హోప్-సింప్సన్. తన దగ్గరకు వచ్చే సుమారు 3,500 మంది జనంలో 1947 నుంచి 1962 వరకు సర్పి వచ్చిన ప్రతి ఒక్కరినీ పుస్తకంలో రాసుకున్నాడు. పదహారేళ్లలో 192 మంది. ఊళ్లో ఆటలమ్మ ప్రబలిన కాలంలో సర్పి పెరగడం లేదు. వయసుతో మాత్రం పెరుగుతోంది. అంటే ఇది బయటి నుంచి వచ్చినది కాదు, లోపల దాగి ఉన్నది లేచిందని 1965లో ప్రకటించాడు. ఆటలమ్మ అప్పుడూ, తరువాత సర్పి అప్పుడూ ఒకే రోగి నుంచి తీసిన వైరస్ డీఎన్ఏ ఒకటేనని 1984లో గానీ తేలలేదు. ఓపీ చీటీలు సరిగ్గా రాయని మా జూనియర్లకు ఈ కథ చెబుతుంటాను.

నరం వెంబడి దిగుతుంది కాబట్టే పొక్కులు ఒంటికి ఒకే పక్కన పట్టీలా వస్తాయి. అమ్మగారికి తాకితే మంట పుట్టడానికి కారణం చర్మం కాదు, దెబ్బతిన్న నరం. మూడు నెలలు దాటి ఉండే ఈ నొప్పికి మామూలు నొప్పి మాత్రలు పనిచేయవు. గాబాపెంటిన్, ప్రిగాబాలిన్, రాత్రిపూట చిన్న మోతాదులో అమిట్రిప్టిలిన్, అతికించే లిడోకెయిన్ పట్టీలు ఉన్నాయి. పెద్దవారిలో ఇవి కళ్లు తిప్పుతాయి. రాత్రి బాత్‌రూమ్‌కు లేచి జారిపడితే తుంటి ఎముక విరుగుతుంది. అందుకే చాలా తక్కువతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి. ఏడాది దాటినా చూపించుకోవడం దండగ కాదు, తీసుకువెళ్లండి.

పచ్చజొన్న

మా వైపు సర్పి వస్తే ఎర్రమన్ను పూసి మంత్రం వేయిస్తారు. మా మామయ్యకు వారంలో తగ్గిపోయింది. పైగా సర్పి నడుము చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కడని పెద్దలు చెబుతారు. దాని మీద మీ సైన్సు ఏమంటుంది?

నీలిగన్నేరు

పచ్చజొన్న గారూ, తలా తోకా కలవడం నేను ఇంతవరకు చూడలేదు. చూడకపోవడానికి కారణం ఉంది. వెన్ను నుంచి ఎడమకో నరం, కుడికో నరం వెళ్తాయి. ఒక వైపుది నాభి దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. చాలా అరుదుగా రెండు పక్కలా వచ్చినా అది చావు సూచన కాదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గిందేమో అని ఎయిడ్స్ పరీక్ష, చక్కెర పరీక్ష చేయిస్తాం, అంతే.

మామయ్య గారి పొక్కులు మన్ను పూయకపోయినా ఎండిపోయేవి. ఎటొచ్చీ మన్నుతో చీము పడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం, మంత్రం కోసం తిరగడంలో మొదటి మూడు రోజులూ గడిచిపోతాయి. వైరస్ మందు పొక్కులు కనబడిన 72 గంటల లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

రాత్రిబండి

మూడు రోజులంటారు గానీ, అసలు సర్పి అని తెలిసేదెప్పుడు? మా నాన్నకు ఎడమ రొమ్ము కింద పోట్లు మొదలైతే గుండెపోటు అనుకుని అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తాం. ఈసీజీ తీశారు, ఎకో చేశారు, రక్తపరీక్షలు చేశారు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. గ్యాస్ అని పంపేశారు. ఆ తరువాత స్నానం చేస్తుంటే వీపు మీద ఎర్రగా కందినట్టు కనబడింది. దాని మీద నీటి పొక్కులు గుత్తులుగా లేచాయి. దీన్ని ముందే పట్టే రక్తపరీక్ష ఏమీ లేదా?

నీలిగన్నేరు

పొక్కులు రాకముందు నిశ్చయంగా పట్టే పరీక్ష వాడుకలో లేదు. ఛాతీలో వస్తే గుండె అనుకుంటారు, కుడి డొక్కలో వస్తే పిత్తాశయంలో రాయి అనుకుంటారు, నడుములో వస్తే కిడ్నీ రాయి. గుండె సంగతి ముందు చూడటమే న్యాయం. కానీ ఒకే పక్కన, చర్మం తాకితే చురుక్కుమనే నొప్పి ఉంటే చొక్కా విప్పించి వీపు కూడా చూడాలి. ఆ తరువాత రెండు మూడు రోజులు రోజూ చూసుకోమని ఇంటివారికి చెప్పి పంపాలి.

పొక్కులు వచ్చాక చూస్తేనే తెలిసిపోతుంది, పరీక్ష అక్కరలేదు. అనుమానం ఉంటే పొక్కు అడుగు నుంచి గీకి తీసిన నమూనాకు పీసీఆర్ చేయిస్తాం. మా దగ్గర ఇప్పటికీ జాంక్ స్మియర్ చేస్తాం: పొక్కు అడుగును గాజుపలక మీద రాసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద చూస్తే అనేక కేంద్రకాలున్న పెద్ద పెద్ద కణాలు కనబడతాయి. పది నిమిషాల పని, ఖర్చు స్వల్పం. అది హెర్పిస్ జాతి అని మాత్రమే చెబుతుంది. సర్పి వైరసా, సింప్లెక్సా అని వేరుచేయలేదు. రక్తంలో యాంటీబాడీల పరీక్ష ఇక్కడ దాదాపు దండగ.

మందుల_బీరువా

నేను మందుల షాపు నడుపుతున్నాను. మా కౌంటర్ దగ్గర జరిగేది చెబుతాను. పొక్కులు చూపించి "ఏదైనా పూత ఇవ్వండి" అంటారు. ఏసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ గొట్టం కొనుక్కుని వెళ్తారు. సర్పికి ఆ పూత పనికిరాదు. వైరస్ ఉన్నది నరంలో, పూత ఉండేది చర్మం మీద. మాత్రలు వేయాలి, పెదవి పొక్కులకు ఇచ్చే మోతాదు దీనికి చాలదు. ఏసైక్లోవిర్ అయితే 800 మిల్లీగ్రాములు రోజుకు ఐదుసార్లు, ఏడు రోజులు. రోజుకు ఐదుసార్లు ముసలివారికి ఎక్కడ గుర్తుంటుంది? అందుకే వాలాసైక్లోవిర్ రాస్తారు, అది రోజుకు మూడుసార్లు.

ఈ మందు నాకు చాలా ఇష్టం. గెర్ట్రూడ్ ఎలియన్ అనే ఆవిడ బృందం తయారుచేసింది, 1988లో ఆవిడకు నోబెల్ వచ్చింది. ఏసైక్లోవిర్ దానంతట అది నిర్జీవమైన పదార్థం. వైరస్ తన వెంట తెచ్చుకున్న థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమే దాన్ని మేల్కొలుపుతుంది. మేల్కొన్న మందు వైరస్ డీఎన్ఏ గొలుసులో చేరి, గొలుసు అక్కడితో తెగేలా చేస్తుంది. వైరస్ లేని కణం దాన్ని మేల్కొలపదు, కాబట్టి దాని జోలికి పెద్దగా పోదు. మెదడువాపు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్‌లో ఈ మందు రక్తనాళంలోకి ఇవ్వడం మొదలయ్యాక మరణాలు 70 శాతం నుంచి 20, 30 శాతానికి దిగాయి.

ఒక హెచ్చరిక. కిడ్నీ దెబ్బతిన్నవారికి ఇదే మోతాదు ఇస్తే మందు ఒంట్లో పేరుకుని పలవరింతలు, అయోమయం వస్తాయి. మతి తప్పిందని ఇంటివారు బెంబేలెత్తుతారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో తెలియకుండా పెద్దవారికి కౌంటర్ మీద ఇవ్వను, ఎవరు పోట్లాడినా సరే.

నిర్వాహకుడు

పై మోతాదులు చదివి ఎవరూ సొంతంగా మందు కొనవద్దు. చర్చ కొనసాగించండి.

కంటిరెప్ప

నేను కంటి ఆస్పత్రిలో ఆప్టోమెట్రిస్టును. సర్పి నుదుటి మీద వస్తే ముక్కు కొన చూడండి. ముక్కు కొన మీద గానీ పక్కన గానీ పొక్కు ఉంటే కన్ను చిక్కులో పడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే రెండింటికీ వెళ్లేది ఒకే నరపు కొమ్మ. జొనాథన్ హచిన్‌సన్ అనే వైద్యుడు పందొమ్మిదో శతాబ్దంలో గుర్తించిన సూచన, నేటికీ పనికొస్తోంది. ఆ రోజే కంటి వైద్యుడికి చూపించాలి.

కంటి ఎరుపుకు షాపులో స్టెరాయిడ్ చుక్కలు అడిగి వేసుకోవడం మా ప్రాంతంలో మామూలైపోయింది. హెర్పిస్ సింప్లెక్స్ కార్నియాకు (కంటి ముందుండే పారదర్శక పొరకు) పట్టినప్పుడు ఈ చుక్కలు వేస్తే పుండు వ్యాపిస్తుంది. ఫ్లోరెసిన్ రంగు చుక్క వేసి నీలి వెలుతురులో చూస్తే కార్నియా మీద ఆకుపచ్చగా మెరిసే కొమ్మలు, రెమ్మలు కనబడతాయి, ప్రతి రెమ్మ చివర చిన్న బొడిపె. చుక్కలు వాడి వచ్చినవారిలో ఆ రెమ్మలు కలిసిపోయి దేశపటంలా పరుచుకుని ఉంటాయి. స్టెరాయిడ్ ఎప్పుడూ పనికిరాదని కాదు. లోపలి పొరల వాపుకు వైరస్ మందు తోడుగా కంటి వైద్యులే వాడతారు.

సర్పి వచ్చిన కంటికి ఏడాదిపాటు రోజూ 1000 మిల్లీగ్రాముల వాలాసైక్లోవిర్ ఇచ్చి చూసిన ప్రయోగం కూడా ఈ మధ్యే వచ్చింది. ఏడాది దగ్గర ప్రధాన కొలతలో తేడా నిలవలేదు. ఏడాదిన్నర దగ్గర మాత్రం కొత్తగా గానీ ముదిరి గానీ వచ్చిన కంటి జబ్బు తగ్గింది. మా పెద్ద డాక్టర్లలోనే దీని మీద రెండు వర్గాలు ఉన్నాయి.

సిరిమల్లె

విషయం కొంచెం పక్కకు పోతుంది, ఏమీ అనుకోవద్దు. హెర్పిస్ అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. మా చెల్లెలు గర్భవతి, మూడో నెల. గర్భిణులకు కొన్ని అంటురోగాల కోసం చేసే టార్చ్ అని ఒక రక్తపరీక్ష రాశారు. రిపోర్టులో "హెర్పిస్ ఐజీజీ పాజిటివ్" అని లావు అక్షరాల్లో వచ్చింది. "సైటోమెగలో వైరస్ ఐజీజీ పాజిటివ్" కూడా. మరిది నెట్‌లో ఏదో చదివి దానితో సరిగా మాట్లాడటం లేదు. వాళ్ల అత్తగారు బిడ్డను ఉంచుకోవాలా వద్దా అని అడుగుతోంది. దానికి ఒంటి మీద ఏ పుండూ లేదు, ఎప్పుడూ రాలేదు.

నీలిగన్నేరు

సిరిమల్లె గారూ, ముందు ఆ కాగితాన్ని మీ మరిది చేతిలోంచి తీసుకోండి. ఐజీజీ అనే యాంటీబాడీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్ ఒంట్లోకి వచ్చిందని, ఒంటికి దాని గుర్తు ఉందని. అంతే. ప్రపంచంలో యాభై ఏళ్లలోపు వారిలో 64 శాతం మందికి హెర్పిస్ సింప్లెక్స్ మొదటి రకం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలామందికి చిన్నతనంలో, పెద్దవాళ్ల ముద్దుల వల్ల వస్తుంది. మీ మరిదికి అదే పరీక్ష చేస్తే ఆయనకూ పాజిటివ్ రావచ్చు. సైటోమెగలో వైరస్ అయితే మన దేశంలో పెద్దవారిలో అత్యధికులకు ఎప్పుడో సోకినదే, సోకకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఆ రిపోర్టులో మొదటి రకమో (ఎక్కువగా పెదవులకు వచ్చేది), రెండో రకమో (ఎక్కువగా జననాంగాలకు వచ్చేది) వేరుచేశారా చూడండి, చాలావాటిలో చేయరు. చేసినా, రెండో రకం పరీక్షలో తక్కువ విలువలు వచ్చినప్పుడు తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ. లక్షణాలు లేనివారికి, గర్భిణులతో సహా, జననాంగ హెర్పిస్ కోసం రక్తపరీక్ష చేయవద్దని అమెరికా నివారణ సేవల కార్యదళం 2023లో మరోసారి చెప్పింది. కొత్తగా సోకిందని చెప్పడానికి చూసే ఐజీఎం అనే యాంటీబాడీ అయితే ఇంకా అధ్వాన్నం. హెర్పిస్‌లో దాన్ని బట్టి కొత్తదో పాతదో చెప్పలేం.

గర్భిణికి నిజంగా ప్రమాదం ఎప్పుడు? నెలలు నిండే సమయంలో మొట్టమొదటిసారిగా జననాంగాల దగ్గర హెర్పిస్ సోకితే, బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ. కాన్పు సమయంలో పుండ్లు ఉంటే ఆపరేషన్ చేస్తారు. పాత ఐజీజీతో దానికి పోలిక లేదు. ఈ కాగితం చూసి గర్భం తీయించుకోవడమనే మాటే రాకూడదు. మీ చెల్లెలి తరఫున నాకు కోపం వస్తోంది.

సైటోమెగలో గురించి ఒక్క ముక్క: అది పుట్టుకతో వచ్చే వినికిడి లోపానికి పెద్ద కారణం. దాన్ని పట్టే సరైన చోటు తల్లి ఐజీజీ కాదు, పుట్టిన మూడు వారాల్లోపు బిడ్డ ఉమ్మికో మూత్రానికో చేసే పీసీఆర్. బిడ్డ పుట్టాక వినికిడి పరీక్ష మాత్రం తప్పక చేయించండి, అది అందరు పిల్లలకూ చేయించాల్సిందే.

సిరిమల్లె

ఇది మొత్తం చదివి వినిపించాను. మరిది ఫోను లాక్కుని మళ్లీ తనే చదువుకున్నాడు. తనకూ చేయించుకుంటానని అన్నాడు. ఖర్చు దండగ, వద్దన్నాను. డాక్టరు గారూ, మీకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు.

కృష్ణాతీరం

మళ్లీ నా ప్రశ్నకు వస్తాను. కొత్త టీకా అమ్మకు వేయించవచ్చా? దాని ధర విని కళ్లు తిరిగాయి. ఒక్కో డోసు పదివేల రూపాయల దరిదాపుల్లో చెప్పారు, రెండు డోసులట.

నీలిగన్నేరు

వేయించవచ్చు. ఒకసారి సర్పి వచ్చినవారికి మళ్లీ రాదన్న హామీ లేదు. పొక్కులు పూర్తిగా తగ్గి ఉంటే చాలు. అయితే ఇప్పుడున్న మంటను టీకా తగ్గించదు, దానికి వైద్యం వేరేగా జరగాలి. ఆ ఆశతో మాత్రం వేయించకండి.

షింగ్రిక్స్ మన దేశానికి 2023లో వచ్చింది, యాభై దాటినవారికి. పెద్ద ప్రయోగాల్లో యాభై పైబడినవారిలో 97 శాతం, డెబ్బై పైబడినవారిలో 90 శాతం దాకా సర్పిని ఆపింది. పాత టీకా సగం మందిని మాత్రమే కాపాడేది. కొత్తదానిలో బతికున్న వైరస్ లేదు కాబట్టి క్యాన్సర్ మందులు వాడేవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి కూడా ఇవ్వగలుగుతున్నాం. చేతి నొప్పి, ఒకటి రెండు రోజుల జ్వరం, ఒళ్లునొప్పులు మామూలే. దానిలో ప్రోటీన్‌కు తోడు రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే దినుసు ఉంది. అందులో ఒక భాగాన్ని చిలీ దేశపు ఒక చెట్టు బెరడు నుంచి తీస్తారు. మన కుంకుడుకాయ రసంలా నురగ వచ్చే పదార్థమే. పంతులు గారు చెప్పిన మతిమరుపు లాభం సర్పి ఆగడం వల్లనా, లేక టీకా రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టడం వల్లనా అన్నది పరిశోధకుల మధ్య ఇంకా తేలని పేచీ.

అనుమానాల_పుట్ట

నా లెక్క ఇది. సర్పి ఆపడానికి రెండు డోసుల డబ్బు పెట్టగలిగితే పెట్టండి, దానికి చీటీ వేసి చేసిన ప్రయోగాల రుజువు ఉంది. మతిమరుపు కోసం అని మాత్రం అప్పు చేయకండి. ఆ ప్రయోగం ఇంకా ఎవరూ పూర్తిచేయలేదు. అందాకా మతి కాపాడుకోవడానికి బీపీ, చక్కెర, వినికిడి యంత్రం, ఈ మూడూ చూసుకుంటే చవక.

లెక్కల_పంతులు

ఈసారి పుట్ట గారితో పేచీ లేదు. వినికిడి యంత్రం మాట ప్రత్యేకించి గుర్తుపెట్టుకోండి.

కృష్ణాతీరం

అమ్మతో మాట్లాడాను. మతిమరుపు సంగతి తేలలేదని కూడా చెప్పాను. "ఈ మంట ఇంకో పక్కకు రాకుండా ఉంటే చాలు, వేయించు" అంది. ముందు నొప్పి వైద్యానికి తీసుకువెళ్లి, ఆ తరువాత టీకా. మొదటి డోసు ఇక్కడ, రెండోది హైదరాబాద్‌లో తమ్ముడి దగ్గర ఉన్నప్పుడు వేయించవచ్చా?

మందుల_బీరువా

వేయించవచ్చు, టీకా అదే అయితే ఏ ఊరైనా ఒకటే. రెండింటి మధ్య రెండు నెలల నుంచి ఆరు నెలలు ఉండాలి. మొదటి డోసు చీటీ మీద తేదీ, బ్యాచ్ నంబరు రాయించుకుని ఫోటో తీసి తమ్ముడికి పంపండి. ఇది పొడి ఒక సీసాలో, ద్రవం ఒక సీసాలో వస్తుంది. రెండూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డకట్టకూడదు. షాపులో కొని మీరే ఆస్పత్రికి మోసుకెళ్లేటట్టయితే ఐసు ముక్కలకు నేరుగా ఆనించకండి. రెండు సీసాలూ మీ కళ్ల ముందే కలపమని అడగండి, కలిపిన ఆరు గంటల్లోపు వేయాలి. ఇంజెక్షన్ భుజం కండలోకి. అమ్మగారు ఏ చెయ్యి ఎక్కువ వాడతారో చూసి రెండో చేతికి వేయించండి.